ఒకే దస్తావేజు, రెండు ఆస్తులు

పొలంలోనే ఇల్లు కట్టుకుని సాగు చేసుకున్న కుటుంబం దాన్ని అమ్మేటప్పుడు మొత్తానికీ కలిపి ఎకరం ఇంత అని బేరం కుదుర్చుకుంటుంది. రిజిస్ట్రేషన్ కూడా ఒకే దస్తావేజుతో అయిపోతుంది. ఆదాయపన్ను చట్టం మాత్రం ఆ సొమ్మును రెండుగా విడదీసి చూస్తుంది. వ్యవసాయ భూమికి పన్ను లేదని ఊళ్లో అందరూ చెప్పే మాట ఇక్కడ సగమే నిజం. తెలియక నష్టపోయేది ఎప్పుడూ అమ్మే రైతే.

ముందు పొలం సంగతి. గ్రామీణ వ్యవసాయ భూమిని చట్టం మూలధన ఆస్తిగానే లెక్కించదు. లాభం ఎంత వచ్చినా పన్ను ఉండదు. అయితే అది గ్రామీణమా కాదా అన్నది మున్సిపాలిటీ హద్దును బట్టి తేలుతుంది. పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉంటే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల వరకు ఉంటే 6, ఆపైన ఉంటే 8 కిలోమీటర్లు. ఆ దూరం లోపల ఉన్న పొలానికి మినహాయింపు లేదు. 2013లో తెచ్చిన సవరణ నుంచి దూరాన్ని రోడ్డు వెంట కాకుండా సరళరేఖలో కొలుస్తున్నారు. బస్సులో 9 కిలోమీటర్లు వచ్చే చేను సరళరేఖలో 7 కిలోమీటర్లే ఉండవచ్చు. అందుకే బయానా తీసుకోకముందే దూరానికి తహసీల్దారు ధ్రువపత్రం, సాగుకు అడంగల్ లేదా పహాణీ నకలు దగ్గర పెట్టుకోవాలి. ప్లాట్లు వేసే కొనుగోలుదారు భూమిని ముందే వ్యవసాయేతరంగా మార్పించి ఇమ్మంటే ఒప్పుకోవద్దు, మినహాయింపే చేజారవచ్చు.

ఇక ఇల్లు. పొలం గ్రామీణమే అయినా ఇల్లు మూలధన ఆస్తే. ఇంటి కింది నేల, వాడుకునే దొడ్డి కూడా ఇంటితోనే పోతాయి. కళ్లం, గడ్డివాము ఉన్న చోటు పొలంలో భాగమేనని వాదించవచ్చు.

2025–26లో ఇంటికి, దాని స్థలానికి 30 లక్షలు వచ్చాయనుకుందాం. 2010–11లో వాటికైన ఖర్చు 12 లక్షలు. లాభం 18 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను 2.25 లక్షలు. కానీ 2024 జూలై 23కు ముందు సంపాదించిన భూమి, భవనాలకు స్వదేశంలో ఉంటున్న వ్యక్తులు, హిందూ ఉమ్మడి కుటుంబాలు పాత పద్ధతినీ ఎంచుకోవచ్చు. ద్రవ్యోల్బణ సూచీ 167 నుంచి 376కు పెరిగింది కాబట్టి ఖర్చు సుమారు 27 లక్షలవుతుంది. మిగిలిన లాభంపై 20 శాతం పన్ను దాదాపు 60 వేలే. సెస్సు అదనం. ఈ రెండో లెక్క వేయించుకోకుండా ఎవరూ పన్ను కట్టకూడదు. తాతల నాటి ఇల్లయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖర్చుగా తీసుకోవచ్చు.

దస్తావేజులోనే పొలం ధర, ఇంటి ధర వేర్వేరుగా రాయించడం అన్నిటికన్నా ముఖ్యం. రాయకపోతే ఆ విభజన అధికారి చేస్తాడు. పన్ను తగ్గుతుందని ఇంటి విలువను మరీ తగ్గించినా లాభం లేదు. రిజిస్ట్రేషన్ శాఖ విలువ మీరు చూపిన ధరకన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే దాన్నే అమ్మకం ధరగా తీసుకుంటారు.

పొలం పట్టణ పరిధిలోకి వస్తే మినహాయింపు దారులు కూడా రెండు. అమ్మడానికి ముందు రెండేళ్లు మీరో మీ తల్లిదండ్రులో సాగు చేసి ఉంటే, పొలం లాభంతో రెండేళ్లలో మరో సాగుభూమి కొని పన్ను తప్పించుకోవచ్చు. దాన్ని మూడేళ్లు అమ్మకూడదు. కౌలుకిచ్చిన వారు ముందే ఆడిటరును కలవాలి. ఇంటి లాభానికి మరో ఇల్లు కావాలి: అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలో గానీ కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. రిటర్ను గడువులోగా ఆ డబ్బు ఖర్చు కాకపోతే బ్యాంకులో మూలధన లాభాల ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచిన డబ్బుకు ఈ రక్షణ లేదు.