పూటకూటి యిల్లును, సీతమ్మగారి యిల్లును

ఆత్రేయపురము మీదుగా పోవువారు పూతరేకులు కొనక కదలరు. 2023లో భౌగోళిక గుర్తింపు నొందిన యీ తీపి ఆ యూరి స్త్రీల చేతిచలువ. పలుచని బియ్యపుపిండి నీటిలో గుడ్డను ముంచి, కాగిన కుండపై నొక్కమాఱు పఱచి తీయగనే రేకు సిద్ధమగును. నేడు బాటసారి ప్రతి యూరను సొమ్మిచ్చి కడుపు నింపుకొనగలడు. పూర్వ మతనికి అన్నము పెట్టిన వారెవరు?

బండ్లమీదను, పడవలమీదను ప్రయాణము సాగిన దినములలో ధర్మాత్ములు కట్టించిన సత్రము లొకవైపున నుండెను. సొమ్ము పుచ్చుకొని పూటపూటకు భోజనము పెట్టు పూటకూటి యిండ్లు వేరొకవైపున నుండెను. పుట్టినింటను మెట్టినింటను ఆదరువు లేని వితంతువులు పెక్కురు ఈ యిండ్లు నడపి పొట్టపోసికొనిరి. గురజాడవారి కన్యాశుల్కములో పూటకూళ్లమ్మను చూడుడు. సరకులు తెమ్మని ఆమె యిచ్చిన సొమ్మును గిరీశము తన విలాసమునకు వాడుకొనెను. అయినను లోకము పరిహసించునది ఆమెనే!

ఈ కోనసీమలోనే సొమ్ము పుచ్చుకొనని యిల్లొకటి వెలసెను. 1841లో మండపేటలో జన్మించిన సీతమ్మగారు లంకల గన్నవరపు డొక్కా జోగన్నగారిని పెండ్లాడిరి. గోదావరిపాయలు దాటి అలసివచ్చిన వారికి, వేళ యనక, కుల మనక, ఆమె వండి వడ్డించెను. ఒకమాఱు అంతర్వేది యాత్రకు బయలుదేరి, త్రోవలో కొందఱు తన యింటికే ఆకలితో పోవుచున్నారని విని, దైవదర్శనము మాని వెనుకకు మరలెనని పెద్దలు చెప్పుదురు. 1909లో ఆమె కీర్తిశేషురాలయ్యెను. గన్నవరమువద్ద వైనతేయపై నిర్మించిన కొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే యుంచెను.

సీతమ్మగారికి మ్రొక్కుట మనకు తగును. కాని యొక్క మాట. ఆమెకు భర్త తోడును, పంటభూములును కలవు. పూటకూళ్లమ్మకు రెండును లేవు. పొయ్యి ముందటి పొగ మాత్ర మిద్దఱికి నొక్కటే. దానము చేసిన చేతిని అన్నపూర్ణ యని కొలిచి, కష్టించి బ్రతికిన చేతిని చులకన చేయుట న్యాయమా?

ఇకమీదట త్రోవలో పూతరేకులు కొనునపుడు, భోజనశాలలో విస్తరిముందు కూర్చుండునపుడు, ధర తగ్గింప నడుగుటకు ముందు, ఆ పొయ్యి ముందర నిలిచిన తల్లి నొక్కమాఱు తలచుకొనుడు.