బంగారం కుదువపడిన వేళ ఖజానా పట్టిన ఆచార్యుడు

ఇంట్లో బంగారం కుదువకు వెళ్లిందంటే ఆ ఇంటి కష్టం ఏపాటిదో పల్లెల్లో వేరే చెప్పనక్కరలేదు. 1991లో దేశానికే ఆ గతి పట్టింది. చేతిలో మిగిలిన విదేశీ మారకద్రవ్యం 2,500 కోట్ల రూపాయలు. అది పక్షం రోజుల దిగుమతులకే చాలుతుంది. ఆ ఏడు జూన్ 21న ప్రధాని అయిన నాటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు, ఆర్థికశాఖను పార్టీ నాయకులకు గాక ఒక ఆర్థికవేత్తకు అప్పగించారు. ఆయనే డాక్టర్ మన్మోహన్ సింగ్.

నోటుపై సంతకం

1932లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ గ్రామంలో ఆయన జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో మన ఎగుమతులపై పరిశోధన చేసి 1962లో డాక్టరేటు పొందారు. ఢిల్లీలో పాఠాలు చెబుతూ 1971లో ప్రభుత్వ కొలువులో చేరారు. ఆర్థిక కార్యదర్శిగా రూపాయి నోటుపైన, 1982 నుంచి 1985 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పెద్ద నోట్లపైన ఆయన సంతకం ఊరూరా తిరిగింది. ఆ మనిషి ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

లైసెన్సుల రాజ్యం సాగిన ఆ రోజుల్లో ఆయన కూడా ఆ యంత్రాంగంలో ఒకరే. దానిని సడలించే అవకాశం 1991లో గానీ చిక్కలేదు.

చేదు మందు

జులై 1, 3 తేదీల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి అప్పు తెచ్చింది. 24వ తేదీన చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తొలగింది. అదే రోజు బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచడంతో రైతుల్లో, అధికార పార్టీలోనూ అలజడి రేగింది. చివరకు పెంపును 30 శాతానికి తగ్గించి, సన్న, చిన్నకారు రైతులను మినహాయించారు. లెక్క ఎంత సరైనదైనా సేద్యగాడి మొర వినక తప్పదని దానితో తేలింది.

షేర్ల కుంభకోణంపై విమర్శలు వచ్చినప్పుడు ఆయన రాజీనామాకు సిద్ధపడగా ప్రధాని అంగీకరించలేదు. ఎన్నికల్లో గెలిచిన బలం లేని మంత్రికి ఆ అండే బలం.

1994 మార్చి నాటికి విదేశీ నిల్వలు 1,900 కోట్ల డాలర్లు దాటాయి. పి.వి. 2004 డిసెంబరులో కన్నుమూశారు. ఆ ఏడాదే ప్రధాని అయిన మన్మోహన్ పదేళ్లు ఆ పదవిలో ఉండి, 2024 డిసెంబరు 26న మరణించారు. మందు తెలిసిన వైద్యుడు ఆయన. కాగా, రోగి ఇంటి వారందరినీ ఒప్పించి ఆ మందు మింగించిన పెద్దదిక్కు వంగర వాసి.