పంచె వెలలో ఎవరి పాలెంత?



శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు పేరు వినని పెద్దలు మీలో నుండరు. అచటి సన్నఖద్దరు పంచె సొగసును గూర్చి పలువురు పలికిరి. నేడు నేను దాని వెలను గూర్చి, ఆ వెల ఎవరెవరికి చేరవలయునో దానిని గూర్చి విన్నవింతును.

మొదట పని తెలియవలయును. పత్తిని చేతితో నేరి, వాలుగచేప దవడయెముకతో దువ్వి, నలుసును తొలగింతురు. ఆ దవడయందలి సన్నని పండ్లే దువ్వెన. పిదప గింజ తీసి, వింటితో నేకి, ఏకులు చేసి, అవి మాయకుండ ఎండిన అరటిదొప్పలో నుంచి, ఒంటికదురు రాట్నముపై వడకుదురు. నూరవ నంబరు నూలును సైతము ఈ చేతులు తీయగలవు. ఈ వడకుపని చేయువారిలో అధికులు స్త్రీలు. వారిలో వృద్ధురాండ్రు పెక్కుమంది.

ఇక లెక్క చూడుడు. వడకెడి స్త్రీ ఒంటిగా నూలు అమ్మబోయిన, ఆమెకు పత్తి కొనుటకు పైకము లేదు, బేరమాడుటకు బలము లేదు. పత్తి అప్పిచ్చినవాడే నూలువెలయు నిర్ణయించును. పట్టణమున పంచె వెల పెరిగినను ఆ పెరుగుదల రాట్నము చెంతకు రాదు.

1949లో పొందూరున ఆంధ్ర ఫైను ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది. సంఘము పత్తి నిచ్చి, నూలుచిలపలు తీసికొని, కూలి చెల్లించి, ఆ నూలును నేయించి, గుడ్డను అమ్మును. పని యింటికే వచ్చుచున్నది. అయినను కూలి నేటికిని స్వల్పమే. కూతుండ్రు రాట్నము ముట్టుటకు వెనుదీయుచున్నారు. సంఘ ముండుట మేలే గాని, అంతటితో చాలదు. వెలలో చేతి పాలెంత యని యెడతెగక అడుగువారు కావలయును.

అట్లు అడుగు హక్కు సభ్యులందఱకును సమముగా నుండుటయే సహకారము. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున ఇరువదియెనమండ్రు, నేతపనివారు మొదలగువారు, తలకొక పౌను కూడబెట్టి చిన్న యంగడి తెఱచిరి. పిండియు వెన్నయు కల్తీ లేక, సరియైన తూకమున అమ్మిరి. లాభమును కొన్నవారికే, కొన్న కొలది పంచిరి. వాటా లెన్ని యున్నను మనిషికి ఓటొక్కటే. మన దేశమున సహకార పరపతిసంఘముల చట్టము 1904లో వచ్చెను. మన రాష్ట్రమున 1995 నాటి చట్టము, ప్రభుత్వపు వాటాధనము లేకయే సభ్యులు తమ సంఘమును తామే నడపుకొను వీలు కల్పించినది.

చట్టము తలుపు తెఱచును. లోనికి నడచుట మన పని. నేను బడిపంతులుగా నున్న యొక గ్రామమున ధాన్యము కలసి అమ్ముటకు సంఘము పెట్టిరి. నేనును సభ్యుడనే. మూడేండ్లు లెక్క లెవరును చదువలేదు. అడిగిన పెద్దలు నొచ్చుకొందురని నేనును అడుగలేదు. నాల్గవయేట కొట్టులో ధాన్యమును లేదు, పెట్టెలో పైకమును లేదు. తీసినవా రెవరో నేటికిని తెలియదు. చదువు వచ్చియు ఊరకున్నవాడను నేను. ఆ తప్పులో నా పాలు నాది.

కావున మీకు నా మనవి యిది. ఉద్దానపు జీడిపిక్కలు గానిండు, విజయనగరపు మామిడి గానిండు, ఒక్కొక్కరు తొందరపడి అమ్ముటకంటె పదిమంది కలసి తూచి అమ్ముడు. నెలకొకసారి లెక్కలను రచ్చబండకడ, చదువు రానివారికిని వినబడునట్లు, బిగ్గరగా చదివింపుడు. వడకెడి స్త్రీలును, కౌలురైతులును, కూలివారును ఓటుగల సభ్యులై కూర్చుండవలయును. పెద్దకమతము గలవానికి రెండవ ఓటు ఈయకుడు. లెక్క అడిగినవానిని తగవులమారి యనకుడు. అతడే సంఘమునకు కావలివాడు.

పదిమంది చేతికర్రలు ఒకనికి మోపెడు బరువు. ఎవరి కర్ర వారు పట్టుకొనిన, బరువే లేదు.