సెడాన్ కారు

ఇంజను, మనుషులు కూర్చునే గది, సామాను పెట్టుకునే డిక్కీ అనే మూడు భాగాలు వేరువేరుగా ఉండి, పైకప్పు స్థిరంగా మూసి ఉండే కారును సెడాన్ అంటారు. బ్రిటనులో ఇదే వాహనాన్ని సెలూన్ అని పిలుస్తారు. ప్రక్కనుండి చూసినప్పుడు మూడు పెట్టెలను వరుసగా పేర్చినట్లు కనిపించడం దీని ముఖ్య లక్షణము. విడి డిక్కీ లేకుండా వెనుక అద్దముతో సహా తలుపు పైకి లేచే కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. భారతదేశములో సెడాన్ చాలాకాలము కుటుంబ వాహనానికి పర్యాయపదముగా ఉన్నది.

ఈ వ్యాసములో కొత్త కుటుంబ సెడాన్‌ను ఎంచుకునే విధానము, దానిని నడిపేటప్పుడు గమనించవలసిన విషయాలు మండపేట పరిసరాలను ఉదాహరణగా తీసికొని వివరించబడినవి. మండపేట గోదావరి తూర్పు డెల్టాలోని పట్టణము. తూర్పు గోదావరి జిల్లాలో భాగముగా ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో కోనసీమ జిల్లాలో చేరినది. బియ్యం మిల్లులకు, కోళ్ళ పరిశ్రమకు పేరు పొందినది. ఒక ఊరిని ఉదాహరణగా తీసుకొనడానికి కారణమున్నది. కారు కొనుగోలుపై వచ్చే సలహాలు ఎక్కువగా నగరపు రోడ్లను దృష్టిలో ఉంచుకొని చెప్పినవి. కాలువగట్టు మీద ఎదురుగా ధాన్యం లారీ వస్తున్నప్పుడు ఏమి చేయాలో అవి చెప్పవు.

చరిత్ర

స్వాతంత్ర్యానంతరము మన రోడ్లపై ఎక్కువగా కనిపించిన సెడాన్లు రెండే: హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్, ఫియట్ 1100 ఆధారంగా తయారైన ప్రీమియర్ పద్మిని. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై రూపొందిన అంబాసిడర్ తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014 మే వరకు సాగినది. గోదావరి జిల్లాలలో ఒక తరమువారికి కారు అంటే అంబాసిడరే. పెళ్ళివారు, డాక్టర్లు, అద్దె కార్లవారు అందరూ దానినే వాడేవారు. ముందు సీటులో డ్రైవరుతో కలిపి ముగ్గురు కూర్చోవడం మామూలు. అది భద్రత కాదు, కేవలము అలవాటు.

1990లో మారుతి 1000 రాకతో కొత్త తరము సెడాన్లు మొదలైనవి. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానము తొలగించిన తరువాత విదేశీ సంస్థలు వచ్చినవి. హోండా సిటీ 1998లో, హ్యుందాయ్ యాక్సెంట్, ఫోర్డ్ ఐకాన్ 1999లో విడుదలైనవి. దేశీయముగా తయారైన టాటా ఇండిగో 2002లో వచ్చినది.

నాలుగు మీటర్ల నియమము

నేటి చిన్న సెడాన్ల ఆకారాన్ని నిర్ణయించినది ఇంజనీర్లకంటే పన్నుల శాఖ అని చెప్పవచ్చును. 2006 కేంద్ర బడ్జెట్‌లో, పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీకి, డీజిల్ ఇంజను 1500 సీసీకి లోబడి ఉన్న కార్లపై ఎక్సైజు సుంకము 24 శాతము నుండి 16 శాతానికి తగ్గించబడినది. దానితో తయారీదారులు డిక్కీని కురచ చేసి సెడాన్‌ను ఈ హద్దులోకి తెచ్చారు. 2008లో టాటా ఇండిగో సీఎస్ ఈ విధముగా వచ్చినది. అదే సంవత్సరము 4 మీటర్లకు మించిన పొడవుతో వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్‌ను 2012లో 3,995 మిల్లీమీటర్లకు కుదించారు. ప్రక్కనుండి చూస్తే డిక్కీని కత్తితో కోసినట్లు కనిపించడానికి కారణము ఇదే. జనము మాత్రము రూపాన్ని పట్టించుకోలేదు. 2018లో దేశములో అత్యధికముగా అమ్ముడైన కారు డిజైరే.

జీఎస్‌టీలోనూ ఈ భేదము కొనసాగినది. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన రేట్ల ప్రకారము ఈ హద్దులకు లోబడిన కార్లపై పన్ను 18 శాతము, మిగిలినవాటిపై 40 శాతము. పొడవు, ఇంజను రెండు షరతులూ కలిసి తీరాలి. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ వర్చుస్‌లో 1 లీటరు ఇంజనే ఉన్నా, పొడవు నాలుగున్నర మీటర్లకు పైబడినందున 40 శాతము వర్తిస్తుంది. పెద్ద సెడాన్ కొనేవారు చెల్లించే అదనపు ధరలో కొంత కారుకు, కొంత కేవలము ఆ పొడవుకు అని గుర్తించాలి.

ఎంపిక

షోరూములో మొదట అడిగే ప్రశ్న సాధారణముగా మైలేజీ గురించి ఉంటుంది. డెల్టా గ్రామాలలో దానికంటే ముందు అడగవలసినది నేలకు, కారు అడుగుభాగానికి మధ్య ఎత్తు. 2024 నవంబరులో వచ్చిన డిజైర్‌కు ఇది 163 మి.మీ., అదే ఏడాది డిసెంబరులో వచ్చిన హోండా అమేజ్‌కు 172 మి.మీ., స్కోడా స్లావియాకు 179 మి.మీ. ఐదుగురు ఎక్కి డిక్కీలో సామాను పెట్టిన తరువాత వెనుక స్ప్రింగులు దిగి ఈ ఎత్తు తగ్గుతుంది. గ్రామస్థులు తమంతట తాము వేసుకున్న స్పీడు బ్రేకర్లపై అడుగుభాగము రాసుకొనేది అప్పుడే. కాబట్టి టెస్ట్ డ్రైవుకు ఒంటరిగా వెళ్ళకుండా కుటుంబాన్నంతటినీ ఎక్కించుకొని, వీలైతే తమ వీధి వరకు నడిపి చూడడము మంచిది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఎక్కి దిగడానికి తక్కువ ఎత్తు సీటు ఇబ్బందిగా ఉంటుంది. ఈ ఒక్క కారణముతోనే కొందరు సెడాన్ మానుకొని ఎత్తు కార్లు తీసుకుంటున్నారు. అది సమంజసమే.

సెడాన్‌కు అసలు బలము డిక్కీ. డిజైర్‌లో 382 లీటర్లు, అమేజ్‌లో 416, హోండా సిటీలో 506, స్లావియాలో 521, హ్యుందాయ్ వెర్నాలో 528 లీటర్ల స్థలమున్నది. సామాను ప్రయాణీకుల గదికి బయట ఉండుట వలన హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు కొబ్బరికాయల బస్తా వెనుకవారి మెడమీదికి రాదు. ఎండు చేపల వాసన కూడా లోపలికి అంతగా రాదు.

ఇంధనము విషయములో డీజిల్ సెడాన్ల శకము దాదాపు ముగిసినది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు రావడముతో మారుతి డీజిల్ కార్లను మానివేసినది. హోండా 2023లో మానినది. ఇక మిగిలినవి పెట్రోలు, సీఎన్‌జీ. మండపేటకు సహజవాయువు కొత్త కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఇక్కడ ఓఎన్‌జీసీ వాయుక్షేత్రమున్నది. భూగర్భ శాస్త్రములో మండపేట ఇసుకరాయి అని ఈ ఊరి పేరుతోనే ఒక శిలాపొర ఉన్నది. అయితే సీఎన్‌జీ సిలిండరు డిక్కీలో పెద్దభాగాన్ని ఆక్రమిస్తుంది. అనగా ఏ స్థలము కోసము సెడాన్ కొన్నామో ఆ స్థలమే పోతుంది. 2023లో టాటా సంస్థ టిగోర్‌లో రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి ఈ ఇబ్బందిని కొంత తగ్గించినది. సిలిండరుకు మూడేళ్ళకొకసారి పీడన పరీక్ష తప్పనిసరి. రోజూ రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్ళివచ్చేవారికి సీఎన్‌జీ లాభము. వారానికొకసారి బయటికి తీసేవారికి పెట్రోలే చాలును.

భద్రత

2019 జులై నుండి డ్రైవరుకు, 2021లో ప్రక్కసీటుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినది. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అనే దేశీయ పరీక్షా విధానము అమలులోకి వచ్చినది. దానికి ముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలే ఆధారము. స్లావియా, వర్చుస్, వెర్నాలు 2023లో ఐదు నక్షత్రాలు పొందినవి. పాత డిజైర్‌కు రెండే రాగా, 2024 నాటి కొత్త డిజైర్ పెద్దల భద్రతలో ఐదు సాధించినది. ఒకే పేరుగల కారు తరానికీ తరానికీ మధ్య ఇంత మారవచ్చును. కాబట్టి పేరు కాక, పరీక్షించిన సంవత్సరము చూడాలి.

ఎన్ని నక్షత్రాలున్నా సీటుబెల్టు పెట్టుకొననివారికి అవి వర్తించవు. వెనుక సీటులో బెల్టు అనవసరమనే భావన మన ప్రాంతములో బలముగా ఉన్నది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినది ఖరీదైన కారు వెనుక సీటులోనే. ఆయన బెల్టు ధరించలేదని పోలీసులు తెలిపారు. 2019 సవరణ చట్టము ప్రకారము బెల్టు లేనివారికి 1,000 రూపాయల జరిమానా కలదు. పసిపిల్లను ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చోవడము అన్నిటికంటే ప్రమాదకరము. గుద్దుకున్నప్పుడు తల్లి శరీరానికి, ఎయిర్‌బ్యాగుకు మధ్య నలిగేది ఆ బిడ్డే.

ధర, అప్పు, బీమా

ప్రకటనలో కనిపించేది షోరూము ధర. దానికి జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా కలిపితే ఆన్ రోడ్ ధర అవుతుంది. అప్పు తీసుకునేవారు నెలవాయిదాను మాత్రమే కాక మొత్తము వడ్డీని లెక్కించుకోవాలి. 8 లక్షల రూపాయలు 9 శాతము వడ్డీకి తీసుకుంటే ఐదేళ్ళకు నెలకు సుమారు 16,600 రూపాయలు, మొత్తము వడ్డీ సుమారు 1 లక్షా 96 వేలు. అదే ఏడేళ్ళకైతే వాయిదా సుమారు 12,870కి తగ్గుతుంది గాని వడ్డీ 2 లక్షల 81 వేలకు పెరుగుతుంది. వరి రైతుకు డబ్బు చేతికి వచ్చేది పంటకే. బ్యాంకు వాయిదా మాత్రము నెలనెలా వస్తుంది. పంట దెబ్బతిన్న ఏడాది మొదట ఆగేది కారు వాయిదాయే గనుక, కనీసము ఆరు నెలల వాయిదాలు విడిగా దాచుకున్న తరువాతే అప్పు చేయడము క్షేమము.

2018 సెప్టెంబరు నుండి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. సాధారణ పాలసీలో నీరు ఇంజనులోకి చేరి జరిగే నష్టానికి పరిహారము రాదు. దానికి ఇంజను రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. ఎడారిలో ఉన్నవారికి ఇది దండుగ కావచ్చును గాని గోదావరి డెల్టాలో కాదు.

కారు అప్పగించే రోజున దండ వేసి, నిమ్మకాయలు తొక్కించడానికి ముందే చాసిస్, ఇంజను సంఖ్యలను కాగితాలతో సరిచూసుకోవాలి. తయారీ నెల, స్టెప్నీ, మీటరుపై కిలోమీటర్లు కూడా చూడాలి. రంగు తేడాలు పగటి వెలుగులోనే తెలుస్తాయి.

నడిపే విధానము

ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజుల తరువాత, ఆరు నెలలలోపు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదుట పరీక్షకు హాజరు కావాలి. ఆ పరీక్ష నెగ్గడము వేరు, డెల్టా రోడ్డుపై నడపడము వేరు. కొత్త ఇంజనును మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగముతో నడపక, వేగము మార్చుతూ, ఎక్కువ ఒత్తిడి పెట్టకుండా నడపాలి.

గంటకు 60 కి.మీ. వేగములో కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టినదనుకుంటే, పొడి రోడ్డుపై మొత్తము 36 మీటర్లకు ఆగుతుంది. 80 కి.మీ. వేగములో ఇది 57 మీటర్ల పైచిలుకు. తడి రోడ్డుపై 60లోనే 50 మీటర్లు దాటుతుంది. కోతల కాలములో రోడ్డు సగము మేర ఆరబోసిన ధాన్యము మరొక ప్రమాదము. గింజలపై టైరుకు పట్టు ఉండదు. అంచున పెట్టిన రాళ్ళు రాత్రి కనబడవు. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు పెద్ద లైటు వేస్తే వెలుగు తిరిగి కళ్ళలోకే కొడుతుంది. లైటు దించి, వేగము తగ్గించి నడపాలి.

కాలువగట్టు రోడ్లు

1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టించిన తరువాత విస్తరించిన కాలువలే ఈ ప్రాంతానికి అన్నము పెట్టినవి. వాటి గట్లే రోడ్లైనవి. చాలాచోట్ల గట్టుకు, నీటికి మధ్య పిట్టగోడ లేదు. మలుపు వద్ద నిద్రమత్తులో అదుపు తప్పినా, ఎదుటి లారీకి దారి ఇవ్వబోయి మెత్తని అంచు దిగినా కారు కాలువలో పడుతుంది. దారి ఇవ్వవలసి వచ్చినప్పుడు అంచుకు జరగడము కంటే గట్టి నేలపై ఆగిపోవడము మేలు. పెళ్ళిళ్ళ రాత్రులు రెండు, మూడు గంటలకు బయలుదేరేకన్నా తెల్లవారేదాకా అక్కడే పడుకొనడము ఇంకా మేలు.

నీటిలో పడిన కారు వెంటనే మునగదు. కొద్దిసేపు తేలి, ఇంజను బరువుకు ముందుభాగము నుండి దిగుతుంది. ప్రాణాలు దక్కేది ఆ కొద్ది సమయములోనే. తలుపు తెరవడానికి పెనుగులాడరాదు, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. వచ్చినా నీరు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. బెల్టు విప్పాలి, కిటికీ అద్దము దించాలి, పిల్లలను ముందు బయటికి పంపి తాము వెళ్ళాలి. కరెంటు అద్దాలు సాధారణముగా మొదటి క్షణాలలో పనిచేస్తాయి గనుక ఫోను చేయడానికి ఆగరాదు. అద్దము దిగకపోతే సూదిమొన సుత్తితో ప్రక్క అద్దము మూలన కొట్టాలి. ముందు అద్దము పొరలుగా అతికించినది, పగిలినా ఊడిరాదు. కొన్ని కొత్త కార్లలో ప్రక్క అద్దాలు కూడా అటువంటివే ఉంటాయి కాబట్టి కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. సుత్తిని డిక్కీలో కాక, డ్రైవరు బెల్టు పెట్టుకొని కూడా అందుకోగల చోట ఉంచాలి.

వరద సమయములో

2022 జులైలో గోదావరికి వచ్చిన పెద్ద వరదలో కోనసీమ లంక గ్రామాలు అనేకము నీట మునిగినవి. కాజ్‌వేలపై ప్రవాహము ఉన్నప్పుడు లోతు తక్కువగా కనిపించినా కారును పోనీయరాదు. మోకాలి లోతు కంటే తక్కువ నీరు సైతము వేగముగా ప్రవహిస్తుంటే కారును ప్రక్కకు నెట్టగలదు. నిలిచిన నీటిలో సెడాన్ ఇంజను గాలి పీల్చే గొట్టములోకి నీరు చేరితే ఇంజను ఆగిపోతుంది. నీరు కుదించుకుపోదు గనుక తిరిగి స్టార్టు చేస్తే లోపలి రాడ్లు వంగుతాయి. అందుచేత నీటిలో ఆగిన కారు తాళము త్రిప్పకుండా, బ్యాటరీ తీగ విప్పి, త్రాడుతో లాగించి మెకానిక్ వద్దకు చేర్చాలి. బీమా సంస్థవారు కూడా, యజమాని నీటిలో తిరిగి స్టార్టు చేశాడా అన్నది మొదట విచారిస్తారు.