అద్దకపు నీటిలోని మొండి రంగు

అద్దకపు కార్ఖానాలనుండి వెడలు నీటిలోని కృత్రిమ రంగులు పెక్కు సూక్ష్మజీవులకు సులభముగా లొంగవు. ఎండకును, సబ్బుకును చెదరకుండునట్లు చేయబడిన రంగు మురుగుగుంటలో మాత్రము చెదరునా? అట్టి నీరు బావిలోనికి ఊరినచో, కాచుటవలన క్రిములు చచ్చును గాని రంగు పోదు.

దీనికొక రసాయన మార్గము గలదు. హైడ్రోజన్ పెరాక్సైడునకు కొద్దిపాటి ఇనుప లవణము తోడైనచో దాని ఆక్సీకరణశక్తి మిక్కిలి హెచ్చునని 1894లో ఫెంటన్ అను ఆంగ్ల రసాయనజ్ఞుడు ప్రకటించెను. ఈ కలయికయందు హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టును. అది సెకనులో వేయవ వంతైనను నిలువదు. ఆలోపుననే రంగు అణువును విరుచును. ఇందుకు నీటి పి.హెచ్. 3 ప్రాంతమున నుండవలెను. పిదప సున్నము కలుపగా ఇనుము మడ్డియై అడుగున దిగును. ఆ మడ్డిని చెరువులందు పారబోయరాదు.

రంగు పోయినంతనే విషము పోయినదని తలంపరాదు. విరిగిన తునుకలు కొన్ని మరింత హానికరములు కావచ్చును. కావున పరీక్షింపక ఆ నీటిని కాలువలోనికి విడువరాదు.