ఎంబసీలో ఇంటర్న్‌షిప్: సెలెక్ట్ అయితే సరిపోదు.. మొదటి రోజు నుంచే ఈ రూల్స్ తెలియాలి!

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వీసా ఇంటర్వ్యూ కోసం వెళ్లొచ్చినవాళ్లకు ఒక విషయం బాగా గుర్తుంటుంది. ఫోన్ బయటే వదిలేయాలి. కాగితాల ఫైలు ఒక్కటే చేతిలో పట్టుకుని సెక్యూరిటీ చెకింగ్ దాటుకుని లోపలికి వెళ్లాలి. కౌంటర్ అద్దం వెనకాల ఏం జరుగుతుందో బయటివాళ్లకు కనిపించదు. అయితే కాలేజీలో చదువుకునే కుర్రాళ్లకే ఆ అద్దం వెనకాల కొన్ని వారాలు పనిచేసే అవకాశం వస్తే? ఎంబసీ ఇంటర్న్‌షిప్ అంటే అదే. రెజ్యూమెలో ఆ ఒక్క లైన్ కోసం పోటీ గట్టిగానే ఉంటుంది. కానీ తెలియక చేసే ఒక్క చిన్న పొరపాటుతో ఆఫర్‌తో పాటు స్టూడెంట్ వీసాకూ ఎసరు రావచ్చు. ఆ రూల్స్ ఏంటో చూద్దాం.

ఎంబసీ వేరు.. కాన్సులేట్ వేరు

ముందుగా ఈ తేడా తెలియాలి. ఒక దేశం తరఫున మరో దేశ రాజధానిలో పనిచేసే ప్రధాన కార్యాలయమే ఎంబసీ. అమెరికా ఎంబసీ ఉన్నది ఢిల్లీలో. హైదరాబాద్‌లో ఉన్నది కాన్సులేట్ జనరల్. ఇది 2008లో మొదలైంది. మొదట బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నడిచి, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. తెలంగాణ, ఏపీ, ఒడిశా రాష్ట్రాలు దీని పరిధిలోకి వస్తాయి. ఇక కామన్వెల్త్ దేశాలు పరస్పరం పెట్టుకునే ఎంబసీలను హైకమిషన్ అంటారు. లండన్‌లో భారత్‌కు ఉన్నది హైకమిషనే. అప్లికేషన్‌లో ఈ పేర్లు తారుమారు చేస్తే ఫస్ట్ ఇంప్రెషనే పోతుంది.

పాస్‌పోర్టే తొలి అర్హత

అమెరికా విదేశాంగ శాఖ నడిపే స్టూడెంట్ ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. ఇందులో ఎంపికైనవాళ్లు వాషింగ్టన్‌లోనో, లేదంటే వేరే దేశాల్లోని అమెరికా ఎంబసీలు, కాన్సులేట్లలోనో సాధారణంగా 10 వారాల పాటు పనిచేస్తారు. మొదటి షరతు.. అమెరికా పౌరసత్వం. గ్రీన్‌కార్డు ఉన్నా కుదరదు, ఎఫ్-1 వీసా మీద చదువుతున్నా కుదరదు. అంటే అక్కడ పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలకు దారి ఉంది. ఇక్కడి నుంచి ఎంఎస్‌కు వెళ్లినవాళ్లకు ఈ దారి లేదు. దరఖాస్తులు తీసుకునేది అమెరికా ప్రభుత్వ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్ఏ జాబ్స్‌లో. దానికి ఫీజు లేదు.

ఆఫర్ వచ్చాకే అసలు పరీక్ష

ఆఫర్ లెటర్ రాగానే ఫ్లైట్ టికెట్ బుక్ చేసేయకూడదు. అది కేవలం షరతులతో కూడిన ఆఫర్. ఆ తర్వాత సెక్యూరిటీ క్లియరెన్స్ రావాలి. దానికి నెలలు పట్టవచ్చు. ఎస్ఎఫ్-86 అనే పొడవాటి ఫారం నింపాలి. పదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నారు, ఏయే పనులు చేశారు, ఏ దేశాలు తిరిగారు, విదేశాల్లో బంధువులు ఎవరున్నారు.. ఇలా అన్నీ రాయాలి.

మన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. అమ్మమ్మ గుంటూరులో, పెదనాన్న వరంగల్‌లో ఉన్నారని రాస్తే ఛాన్స్ పోతుందేమోనని భయం. నిజానికి విదేశాల్లో బంధువులు ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ ఆగిపోదు. దాచిపెడితేనే ప్రమాదం. ఆ ఫారంలో తెలిసి తెలిసి అబద్ధం రాయడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గంజాయి విషయంలోనూ అంతే. కొన్ని రాష్ట్రాల్లో అనుమతి ఉన్నా ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు. ఫారంలో డ్రగ్స్ గురించి ప్రత్యేకంగా ప్రశ్నలు ఉంటాయి.

మొదటి రోజు ఏం జరుగుతుంది?

మొదటి రోజు పని తక్కువ, బ్రీఫింగులు ఎక్కువ. బ్యాడ్జి ఇస్తారు. భద్రతా అధికారి కూర్చోబెట్టి రూల్స్ చెబుతారు. ఊళ్లో ఏ ఏరియాకు వెళ్లకూడదు, ఎమర్జెన్సీ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరైనా అతిగా చనువు తీసుకుని ఆఫీసు సంగతులు ఆరా తీస్తే ఎవరికి చెప్పాలి.. ఇవన్నీ అందులో ఉంటాయి. రహస్య పత్రాలు ఉండే గదుల్లోకి ఫోన్, స్మార్ట్ వాచ్ తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గర సెల్ఫీ, లోపల డెస్క్ ఫొటో, "మై ఫస్ట్ డే" రీల్.. ఇవేవీ అడగకుండా పెట్టకూడదు. లైకుల కోసం పెట్టిన ఒక్క పోస్టుతో ఇంటర్న్‌షిప్ మధ్యలోనే ఆగిపోవచ్చు.

ఇక పని విషయానికొస్తే, రాజకీయ, ఆర్థిక, కాన్సులర్, ప్రజా సంబంధాలు, మేనేజ్‌మెంట్ అని విభాగాలు ఉంటాయి. స్థానిక పత్రికల వార్తల సారాంశం రాయడం, మీటింగుల్లో నోట్సు తీసుకోవడం, రిపోర్టుల డ్రాఫ్టులకు సాయం చేయడం, కార్యక్రమాల ఏర్పాట్లు చూడటం.. ఎక్కువగా ఇలాంటివే అప్పగిస్తారు. ఆఫీసు గురించి నేర్చుకోవాలంటే అక్కడి స్థానిక ఉద్యోగులే పెద్ద దిక్కు. దౌత్య అధికారులు కొన్నేళ్లకోసారి బదిలీ అవుతారు. స్థానిక సిబ్బంది మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు.

"బాబూ.. మావాడి వీసా కాస్త చూడు"

తెలుగు ఇళ్లలో ఇది తప్పని చిక్కు. ఎంబసీలో చేరాడన్న మాట తెలియగానే బాబాయ్ నుంచో, అత్తయ్య నుంచో ఫోన్ వస్తుంది. మావాడి స్లాట్ కాస్త ముందుకు జరపమని ఒకరు, రిజెక్ట్ ఎందుకు చేశారో కనుక్కోమని ఇంకొకరు. వీసా ఇవ్వాలా వద్దా అనేది కాన్సులర్ ఆఫీసర్ నిర్ణయం. ఇంటర్న్ చేతిలో ఏమీ ఉండదు. పైగా సొంతవాళ్ల ఫైలు తెరిచి చూడటమే తప్పు. మొహమాటానికి పోయి "చూస్తాలే" అనడం కన్నా, "అది నా పని కాదు బాబాయ్, అడిగితే నా పనే పోతుంది" అని మొదటి ఫోన్‌లోనే చెప్పేయడం మేలు.

ఎంబసీలో ఉంటే చట్టాలు వర్తించవా?

చాలామంది నమ్మేది ఇదే. ఎంబసీ స్థలం ఆ దేశపు సొంత భూమి అయిపోతుందని అనుకుంటారు. అది నిజం కాదు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం రాయబారి అనుమతి లేకుండా స్థానిక పోలీసులు లోపలికి వెళ్లలేరు. అంతవరకే. భూమి మాత్రం ఆతిథ్య దేశానిదే. దౌత్యవేత్తలకు ఉండే ఇమ్యూనిటీ మెడలో బ్యాడ్జి ఉన్న ప్రతి ఒక్కరికీ రాదు. ఆతిథ్య దేశానికి ఏ హోదాలో పేరు పంపారన్నదే ముఖ్యం. కాబట్టి వీకెండ్‌లో బండి నడిపినా, పార్టీకి వెళ్లినా ఆ దేశ చట్టాలకు లోబడే ఉండాలి.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు దారి లేదా?

ఉంది. భారత విదేశాంగ శాఖకు సొంతంగా ఇంటర్న్‌షిప్ పథకం ఉంది. అయితే పని ఢిల్లీలోని ప్రధాన కార్యాలయంలో. నెలకు 10,000 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. 25 ఏళ్ల వయోపరిమితి ఉంది. ఇక విదేశాల్లోని కొన్ని భారత ఎంబసీలు అక్కడ చదివే విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటుంటాయి. వాటి ప్రకటనలు ఆయా ఎంబసీల వెబ్‌సైట్లలోనే చూడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే, చేరకముందే సీపీటీ అనుమతి ఐ-20 మీద ఉండాలి. జీతం లేదు కదా, ఎంబసీయే కదా అని సొంతంగా చేరిపోతే స్టేటస్‌కే ముప్పు రావచ్చు. ముందు యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసును అడగాలి. అలాగే ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ దక్కదు.

ఖర్చు లెక్క.. మోసాల సంగతి

ఒకప్పుడు అమెరికా విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌లలో ఎక్కువ శాతం జీతం లేనివే. విమాన టికెట్, గది అద్దె భరించగలిగిన ఇళ్ల పిల్లలకే ఛాన్స్ దక్కుతోందన్న విమర్శలు వచ్చాయి. 2022లో జీతంతో కూడిన ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. అయినా ప్రయాణం, బస, ఇన్సూరెన్స్ ఎవరు భరిస్తారో ఆఫర్ లెటర్‌లో చదువుకున్నాకే ఒప్పుకోవాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. "ఎంబసీలో సీటు ఇప్పిస్తాం, ముందు లక్ష కట్టండి" అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. ప్రభుత్వ ఎంబసీలు ఏజెంట్ల ద్వారా ఇంటర్న్‌షిప్‌లు అమ్మవు. ప్రకటన ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపించకపోతే, ఆ ఇంటర్న్‌షిప్ లేనట్టే లెక్క.