గీత దాటిన చినుకు

హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో వెళ్లే ఏటీఆర్-72 ఎక్కేటప్పుడు, మెట్ల దగ్గర తొందరపడకుండా ఓసారి రెక్క ముందు అంచు కేసి చూడండి. పొడవునా నల్లటి పట్టీ ఉంటుంది. అందం కోసం వేసిన రంగేమో అనిపిస్తుంది. నిజానికది రబ్బరు తిత్తి. ఆకాశంలో రెక్కకు ఐసు పట్టిందంటే పైలట్ స్విచ్ వేస్తాడు. ఇంజిన్ నుంచి వచ్చే గాలితో తిత్తి ఉబ్బి, మళ్లీ అణుగుతుంది. దానిమీది ఐసు పెంకులు పెంకులుగా పగిలి గాలికి కొట్టుకుపోతుంది. దీన్ని పైలట్లు ‘బూట్’ అంటారు.

మే నెల ఎండలో రన్‌వే మీద కాలిపోతున్న విమానానికి ఐసు గొడవేమిటంటారా? మన నెత్తిమీద దాదాపు అయిదు కిలోమీటర్లు పైకి వెళ్తే సున్నా డిగ్రీలే. మామిడికాయల్ని రాల్చే వడగళ్లు తయారై వచ్చేది అక్కడి నుంచే. అసలు తిరకాసు చలితో కాదు, నీటితో. నీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయని బడిలో చదువుకున్నాం. మేఘంలోని నీటికి ఆ పాఠం పూర్తిగా వర్తించదు. గడ్డకట్టాలంటే బిందువుకు ఏదో ఒక ఆధారం కావాలి, కనీసం ఒక ధూళి కణం. అది దొరక్కపోతే మైనస్ పది, మైనస్ ఇరవై దగ్గర కూడా నీరు నీరుగానే తేలుతుంటుంది. మైనస్ నలభై దాకా దిగితే తప్ప అలాంటి నీటికి గడ్డకట్టక తప్పని పరిస్థితి రాదు. సరిగ్గా అలాంటి మేఘంలోకి విమానం దూసుకెళ్తే బిందువులన్నిటికీ కావలసిన ఆధారం ఒక్కసారిగా దొరుకుతుంది. అదే రెక్క.

అలా పట్టిన ఐసు బరువు విమానానికి పెద్ద లెక్క కాదు. దాని గరుకుతనంతోనే చిక్కు. రెక్క ముందు అంచు మీదా పైభాగం మీదా గరుకు శాండ్‌పేపర్ మందాన ఐసు ఉన్నా, రెక్క పైకి ఎత్తే శక్తి 30 శాతం దాకా పడిపోవచ్చు, గాలి వెనక్కి లాగే బలం 40 శాతం దాకా పెరగొచ్చు. విమానయాన రంగంలో అందరికీ కంఠతా వచ్చిన లెక్క ఇది. అయినా 1982 జనవరిలో వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం మంచుతోనే పైకి లేచి పొటోమాక్ నదిలో కూలింది. నేల మీద పోయిన వాళ్లతో కలిపి 78 మంది చనిపోయారు.

యుద్ధకాలపు చలి గది

అమెరికాలో క్లీవ్‌లాండ్ విమానాశ్రయాన్ని ఆనుకొని నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం ఉంది. అందులో 1944లో మొదలైన ఐసింగ్ టన్నెల్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన విమానాలు దారిలో ఐసు కాటుకు గురవుతున్న రోజులవి. నాసాకు ముందున్న సంస్థ ‘నాకా’ ఈ టన్నెల్‌ను కట్టించింది. చల్లబరిచే ఏర్పాటు చూసింది ఏసీల పితామహుడు విలిస్ క్యారియర్ కంపెనీ. తక్కువ చోటులో ఎక్కువ చలి పుట్టాలని కూలింగ్ కాయిల్స్‌ను మడతలు మడతలుగా అమర్చారు. 5,000 హార్స్‌పవర్ మోటారు తిప్పే ఫ్యాన్ గాలిని గుండ్రంగా పరుగెత్తిస్తుంది. ఆరడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పున్న గదిలో రెక్క ముక్కను నిలబెడతారు. ఎగువన వరసగా అమర్చిన నాజిళ్లు నీటిని తుంపరగా చల్లుతాయి. మేఘాన్ని తెచ్చి గదిలో పెట్టినట్టే.

గాలినీ చలినీ పుట్టించడం వాళ్లకు తేలికే అయింది. ఏడిపించింది ఆ తుంపరే. మేఘంలో ఉండేంత సన్నటి బిందువులు కావాలి. ఘనపు మీటరు గాలిలో నీరు చాలా కొద్దిగానే ఉండాలి. అలా చల్లే నాజిల్ తయారయ్యేసరికి యుద్ధం ముగిసి ఏళ్లు గడిచాయి.

ఈలోగా లూయిస్ రాడర్ట్ అనే నాకా ఇంజినీరు ఇంజిన్ పొగగొట్టాల వేడిని రెక్కల్లోకి మళ్లించి ఐసును కరిగించే పద్ధతి తెచ్చాడు. అందుకు అమెరికా వైమానిక రంగంలో అతి పెద్దదైన కోలియర్ ట్రోఫీ ఆయనకు దక్కింది. ఇవాళ జెట్ విమానాల్లో ఇంజిన్ నుంచి వేడిగాలిని తెచ్చి రెక్క అంచును కాచే ఏర్పాటుకు మూలం ఆ ఆలోచనే. జెట్‌లు వచ్చాక, వేడిగాలికి కొదవ లేదు, మేఘాల పైనుంచే ఎగిరిపోతాం, ఇంక ఐసుతో పనేముందని 1950ల చివర్లో నాకా ఈ పరిశోధననే కట్టిపెట్టింది. నాసా దాన్ని మళ్లీ మొదలుపెట్టింది 1978లో.

అట్టముక్క, పెన్సిల్

ఈ టన్నెల్‌లో పనిచేసే ఇంజినీరు రోజు ఎలా ఉంటుందంటే, ఓపిక ఉన్నవాళ్లకే ఆ ఉద్యోగం. గది చల్లబడేదాకా ఆగాలి. గాలి వేగం కుదురుకోవాలి. తుంపర మొదలయ్యాక నిమిషాల లెక్కన రెక్క మీద ఐసు పెరుగుతుంటే గాజు కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. బాగా చలిలో చిన్న బిందువు తగలగానే గడ్డకడుతుంది, పాలలా తెల్లగా, గరుగ్గా ఉంటుంది. సున్నాకు దగ్గరగా ఉంటే నీరు కొంత జారి గడ్డకడుతుంది. గాజులా మెరుస్తూ, పైకొకటి కిందికొకటి రెండు కొమ్ములు మొలుస్తాయి. గాలిని ఎక్కువగా చెడగొట్టేది ఈ రెండో రకమే.

ఫ్యాన్ ఆగాక కోట్లు తొడుక్కుని లోపలికి వెళ్తారు. రెక్క ఆకారానికి సరిపడా గాడి ఉన్న లోహపు పలకను వేడిచేసి ఐసులోకి దించుతారు. సన్నగా ఒక చీలిక పడుతుంది. అందులో అట్టముక్క దోపి, ఐసు అంచు వెంట పెన్సిల్‌తో గీస్తారు. కోట్ల డాలర్ల విమానాల భద్రతకు ఆధారమైన సమాచారంలో బోలెడంత ఇలా అట్టల మీద చేత్తో గీసినదే. ఇప్పుడు లేజర్ స్కానర్లు వచ్చాయి. కానీ ఐసులోంచి లేజర్ దూరిపోతుంది. అందుకని ముందు దానిమీద తెల్ల రంగు పిచికారీ చేయాలి. ఆ తర్వాత అంతా గీకేసి, శుభ్రం చేసి, మళ్లీ మొదలు. ఇన్ని గీతలతోనే, ఐసు ఎలా పేరుతుందో లెక్కగట్టే ‘లూయిస్’ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు చెప్పేది నిజమో కాదో సరిచూస్తారు.

గదిలో దొరకని సంగతులుంటాయి. వాటికి గాల్లోకి ఎగరాల్సిందే. తోక రెక్క అంచు సన్నం కాబట్టి ఐసు దానికి ముందు పడుతుంది, పైలట్‌కు కనబడదు. దిగేముందు రెక్క వెనక అంచున ఉండే పలకల్ని (ఫ్లాప్స్) దించగానే ఆ తోక పట్టు తప్పొచ్చు. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వాలిపోతుంది. నాసా ఇంజినీర్లు 1990లలో ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం తోకకు కృత్రిమ ఐసు ఆకారాల్ని అతికించి, కావాలనే ఆ స్థితిలోకి తీసుకెళ్లి చూశారు. రెక్క పట్టు తప్పితే పైలట్ కంట్రోల్‌ను ముందుకు నెట్టి పవర్ పెంచుతాడు. తోక పట్టు తప్పితే వెనక్కి లాగాలి, ఫ్లాప్స్ పైకి తీసేయాలి. అలవాటుకొద్దీ మొదటిది చేస్తే ప్రాణం మీదికొస్తుంది. నాసా దీన్ని వీడియో తీసి పైలట్లకు పంచింది. ఈ రంగంలో అంతకంటే పనికొచ్చిన సినిమా ఇంకోటి రాలేదేమో.

సోయా చేలో కూలిన లెక్క

ఇక అసలు కథ. విమానానికి ఐసింగ్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే అది ఎలాంటి మేఘాన్ని తట్టుకోవాలో నియమం చెప్పాలి కదా. అమెరికా నిబంధనల్లో దాని పేరు ‘అపెండిక్స్ సి’. 1940లలో నాకా విమానాల్లోంచి గుండ్రంగా తిరిగే స్తూపాలను గాలిలోకి చాచి, వాటికి పట్టిన ఐసును తూచి తెచ్చిన లెక్కలే దానికి ఆధారం. అందులో బిందువుల సగటు వ్యాసం ఎంత పెద్దదైనా 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కంటే తక్కువ. విమానాలన్నీ ఆ గీత లోపలే పరీక్ష పాసయ్యాయి. మేఘానికి మాత్రం ఆ గీత సంగతి తెలియదు.

1994 అక్టోబరు 31. ఇండియానాపొలిస్ నుంచి షికాగో వెళ్తున్న అమెరికన్ ఈగిల్ 4184. మన రాజమండ్రి విమానం లాంటి ఏటీఆర్-72. షికాగోలో రద్దీ వల్ల దారిలోనే చక్కర్లు కొట్టమన్నారు. అక్కడున్న చినుకులు 50 మైక్రాన్లకు ఎన్నో రెట్లు పెద్దవి, అయినా గడ్డకట్టనివి. ఘాట్ రోడ్డు మలుపులో బైకు తేలిగ్గా తిరిగిపోతుంది, లోడు లారీ అంత తొందరగా తిరగదు. చిన్న బిందువు గాలితో పాటు రెక్క చుట్టూ వంగిపోతుంది, పెద్ద చినుకు మాత్రం తిన్నగా వచ్చి ఇంకా వెనకాలకు తగులుతుంది. రబ్బరు బూట్ పనిచేస్తూనే ఉంది, ఐసు కట్ట మాత్రం బూట్ దాటి వెనక పెరిగింది. కిందికి దిగుతూ ఫ్లాప్స్ ముడవగానే గాలి ఆ కట్ట దగ్గర రెక్కను వదిలేసింది. రెక్క చివర ఉండి విమానాన్ని పక్కకు వంచే ఐలరాన్ దానంతటదే ఎగదన్నింది. విమానం కుడివైపు తిరగబడి రోజ్‌లాన్ దగ్గర సోయా చేలో పడింది. 68 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

కొన్ని వారాలకే కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఒక సైనిక ట్యాంకర్ విమానం రంగు కలిపిన నీటిని చల్లుకుంటూ ముందు వెళ్తుంటే, వెనక ఏటీఆర్ ఆ తుంపరలోంచి ఎగిరింది. బూట్ వెనక ఐసు కట్ట రంగుతో సహా కనబడింది. ఏటీఆర్ బూట్ల వెడల్పు పెంచారు. పెద్ద చినుకుల్ని కూడా లెక్కలోకి తీసుకున్న ‘అపెండిక్స్ ఓ’ మాత్రం 2014 నవంబరులో గానీ రాలేదు. ఇరవై ఏళ్లు! ఇంజినీర్ల తరఫున ఒక మాట చెప్పాలి. పెద్ద చినుకును టన్నెల్‌లో పుట్టించడమే కష్టం. అది బరువుకు కిందికి జారుతుంది, రెక్కను చేరేలోపు తగినంత చల్లబడదు, తగిలాక చిట్లి ఎగిరిపోతుంది. కొలవలేనిదాన్ని చట్టంలో రాయలేరు. అయినా ఇరవై ఏళ్లు ఎక్కువే అనిపిస్తుంది. 2024 ఆగస్టులో బ్రెజిల్‌లో మరో ఏటీఆర్-72 కూలి 62 మంది పోయారు. కాక్‌పిట్ మాటల్లో ఐసింగ్ ప్రస్తావన ఉందని ప్రాథమిక నివేదిక చెప్పింది.

మన మేఘాల వంతు

ఆ 2014 నియమంలోనే ఇంకో అధ్యాయం ఉంది, అది నేరుగా మనబోటి ఉష్ణదేశాలకు చెందినది. చాలా ఎత్తులో నీరుండదు, ఉన్నదల్లా గట్టి ఐసు స్ఫటికాలే, అవి చల్లటి రెక్కకు తగిలి ఎగిరిపోతాయి కాబట్టి పర్వాలేదని దశాబ్దాలు నమ్మారు. కానీ ఇంజిన్ లోపల వెచ్చగా ఉంటుంది. స్ఫటికం అక్కడ కాస్త కరిగి కంప్రెసర్ రేకులను తడుపుతుంది, ఆ తడికి తర్వాతి స్ఫటికాలు అంటుకుంటాయి, లోహం చల్లబడి ఐసు పేరుతుంది. అది ఊడి పడితే ఇంజిన్ ఆరిపోవచ్చు. రాడార్ తెర మీద ఆ మేఘం దాదాపు శుభ్రంగానే కనబడుతుంది. 2013 నవంబరులో బోయింగ్ ఒక రకం ఇంజిన్లున్న విమానాలను ఎత్తైన ఉరుముల మేఘాలకు 50 నాటికల్ మైళ్లు దూరంగా నడపమంది. జపాన్ ఎయిర్‌లైన్స్ టోక్యో-ఢిల్లీ దారి నుంచి ఆ ఇంజిన్లున్న తన డ్రీమ్‌లైనర్లనే తప్పించింది. 2009లో అట్లాంటిక్‌లో 228 మందితో మునిగిన ఎయిర్ ఫ్రాన్స్ 447 కథ మొదలైందీ ఇలాంటి స్ఫటికాలు వేగం కొలిచే పీటో గొట్టాలను మూసేయడంతోనే.

అందుకే ఈ రంగం ఇంజినీర్లు 2014లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌కూ, 2015లో ఫ్రెంచ్ గయానాకూ వెళ్లి అందరూ తప్పుకునే మేఘాల్లోకి పరికరాలతో దూరారు. ఇప్పుడు వాళ్ల ముందుకు ఎయిర్ ట్యాక్సీలు, డ్రోన్లు వచ్చాయి. రోటర్ రేకు ఎంత సన్నమైతే ఐసును అంత బాగా పట్టుకుంటుంది. వేడిగాలి ఇవ్వడానికి ఇంజిన్ లేదు, ఉన్నది బ్యాటరీ. ఐసు కరిగించడానికి వాడే కరెంటంతా ప్రయాణ దూరంలోంచి కోసుకోవాల్సిందే. ఎంత కోయాలో తేలాలంటే ముందు ఆ రేకు మీద ఐసు ఎలా పేరుతుందో కొలవాలి.